పగిలింది ప్లాస్టరే, ముంచింది కాగితం

1974లో థాయ్‌లాండ్ ప్రేక్షకులు హనుమంతుణ్ణి, రాక్షసులతో తలపడే జపాన్ టీవీ గ్రహాంతర వీరుడు అల్ట్రామన్‌నీ ఒకే తెర మీద చూశారు. సొంపోట్ సేంగ్‌డువాన్‌చాయ్ నడిపిన చైయో అనే థాయ్ కంపెనీ, టోక్యోలోని త్సుబురాయ ప్రొడక్షన్స్ కలిసి తీసిన సినిమా అది. థాయ్ రామాయణం రామకియెన్‌లో చెప్పినట్టే హనుమంతుడు తెల్లగా ఉంటాడు. భూమికి మరీ దగ్గరైపోయిన సూర్యుణ్ణి కాస్త వెనక్కి జరగమని అడగడానికి వెళ్తాడు. అల్ట్రా సోదరులతో కలిసి రాక్షసుల్ని చావగొడతాడు. పిల్లలతో కూర్చుని చూస్తే మంచి కాలక్షేపం. అయితే ఆ స్నేహం పేరు చెప్పి తర్వాత బయటికొచ్చిన ఒక చిన్న కాగితం, జపాన్ స్పెషల్ ఎఫెక్ట్స్ చరిత్రలోనే పేరున్న స్టూడియోని నాలుగు దేశాల కోర్టుల చుట్టూ ఇరవై ఏళ్లకు పైగా తిప్పింది.

ఆ స్టూడియో గురించి అందరూ చెప్పే మాట ఒకటుంది. వ్యవస్థాపకుడు ఎయిజి త్సుబురాయ మహా కళాకారుడేగానీ లెక్కలు చూసుకోలేదు, బొమ్మ ఊళ్లు కట్టి కూల్చడానికి డబ్బంతా తగలేశాడు, అందుకే కంపెనీ మునిగింది అని. ఇది సగమే నిజం. ఆ ఖర్చు లేకపోతే అమ్ముకోవడానికి ఈ రోజు ఆ కంపెనీ దగ్గర ఏమీ ఉండేది కాదు. అసలు నష్టం కూలిన బొమ్మ మేడల వల్ల జరిగిందా, కాగితాల దగ్గర చూపిన అలసత్వం వల్ల జరిగిందా అన్నది చూడాలి. ముందు ఆ ఖర్చు ఎందుకయ్యేదో తెలియాలి.

త్సుబురాయ 1901లో ఫుకుషిమా ప్రాంతంలోని సుకగావాలో పుట్టాడు. కెమెరామన్‌గా ఎదిగాడు. 1942లో పెర్ల్ హార్బర్ దాడి మీద తోహో స్టూడియో తీసిన యుద్ధ ప్రచార చిత్రానికి రేవునీ ఓడల్నీ నమూనాలతో కట్టి, పేల్చి చూపించాడు. యుద్ధం ముగిశాక ఆ సినిమాలే మెడకు చుట్టుకుని 1948లో తోహో నుంచి బయటికి రావాల్సి వచ్చింది. మళ్లీ పిలిచారు. 1954 నవంబర్ 3న 'గాడ్జిల్లా' విడుదలైంది. అమెరికా 'కింగ్ కాంగ్' లాగా బొమ్మని ఒక్కో ఫ్రేమ్‌కీ ఒక్కో వెంట్రుకవాసి జరుపుతూ తీద్దామని ఆయనకి ఉండేది. అలా తీస్తే ఏళ్లు పడుతుంది, తోహో చేతిలో ఉన్నవి నెలలు. అందుకని రబ్బరు తొడుగులోకి మనిషిని దించారు. తొలి తొడుగు బరువు 100 కిలోలకి పైమాటే. లోపల నిలబడ్డ హరుఓ నకజిమా అందులో పట్టుమని పది మీటర్లు నడవడమే గగనం. దాన్ని నడుము దగ్గర కోసి, కాళ్లు మాత్రమే కనిపించే షాట్‌లకి కింది భాగాన్ని వాడుకున్నారు.

గాడ్జిల్లా ఎత్తు 50 మీటర్లని అనుకున్నారు. తొడుగు దాదాపు 2 మీటర్లు. అంటే ఊరంతా 25వ వంతు కొలతలో కట్టాలి. చిక్కు కట్టడంలో లేదు, కూల్చడంలో ఉంది. నిజంగా 25 మీటర్ల ఎత్తు నుంచి రాయి పడితే నేల తాకడానికి రెండు సెకన్ల పైన పడుతుంది. ఒక మీటరు నమూనా మీద నుంచి పడితే అర సెకను కూడా పట్టదు. భూమ్యాకర్షణకి మన కొలతలతో పని లేదు. కాబట్టి కొలత ఎంత తగ్గితే దాని వర్గమూలమంత వేగంగా కెమెరా తిరగాలి. 25కి వర్గమూలం 5. మామూలుగా సెకనుకి 24 ఫ్రేములు తీసే చోట 120 తీయాలి. తెర మీద మళ్లీ 24 చొప్పున వేస్తే కూలే గోడకి బరువొస్తుంది. టీవీలో చాలాసార్లు 72తో సరిపెట్టుకున్నారు.

ఇక్కడి నుంచి ఖర్చు ఎలా పాకుతుందో చూడండి. 1000 అడుగుల 35 మి.మీ. ఫిల్ము మామూలు వేగంలో 11 నిమిషాలు వస్తుంది, 120 దగ్గర రెండుంపావు నిమిషాల్లో అయిపోతుంది. ఒక్కో ఫ్రేముకి అందే వెలుతురు అయిదో వంతుకి పడిపోతుంది, అంటే లైట్లు అయిదింతలు కావాలి. అక్కడితో ఆగదు. ముందున్న కరెంటు స్తంభం, వెనకున్న కొండ రెండూ స్పష్టంగా కనిపించకపోతే అది బల్ల మీది బొమ్మని ఇట్టే తెలిసిపోతుంది. అందుకని లెన్సు ద్వారాన్ని బాగా కుదించాలి. ఎఫ్/2.8 నుంచి ఎఫ్/8కి కుదిస్తే (అంకె పెరిగినకొద్దీ ద్వారం చిన్నదవుతుంది) మరో ఎనిమిదింతల వెలుతురు కావాలి. రెండూ కలిపితే నలభై రెట్లు. అన్ని లైట్ల కింద, గాలాడని రబ్బరులో, బయట ఏముందో సరిగా కనిపించని కన్నాల్లోంచి చూస్తూ ఒక మనిషి కుస్తీ పట్టాలి. షాట్ అయ్యాక తొడుగులోంచి చెమట ఒంపేవాళ్లన్నది అతిశయోక్తి కాదు.

మేడలు ప్లాస్టర్‌తో పోసేవాళ్లు. గోడలు పల్చగా పోసి, కెమెరాకి కనిపించని వైపు గాట్లు పెట్టాలి. గాట్లు తక్కువైతే రాక్షసుడు భుజంతో తోసినా మేడ కదలదు, లేదా రెండు పెద్ద పలకలుగా విరుగుతుంది. పెద్ద ముక్క పడిందంటే కొలత బయటపడినట్టే, ఎందుకంటే నిజం కాంక్రీటు మేడ అరచేతి మందాన రెండు ముక్కలవదు. గాట్లు ఎక్కువైతే పక్కన అడుగేసిన అదురుకే అనుకోనప్పుడు కూలుతుంది. పడినప్పుడు దుమ్ము లేవాలి కాబట్టి లోపల సన్నటి పొడి నింపాలి. ఒకసారి కూలిందంటే మళ్లీ పోసి, ఆరబెట్టి, రంగులేసి నిలబెట్టడానికి రోజులు పడుతుంది. అందుకే రెండు మూడు కెమెరాలు ఒకేసారి తిప్పేవాళ్లు.

నీళ్లూ నిప్పూ అసలు మాట వినవు. నీటి బొట్టుకి 25వ వంతు సైజంటూ లేదు. చిన్న తొట్టెలో ఓడ బొమ్మ వదిలితే కెరటం మీది నురగ ఓడంత కనిపిస్తుంది. దానికి ఉన్న దారి ఒక్కటే, తొట్టెనీ ఓడనీ పెద్దవి చేయడం. తోహో 1960లో ఆవరణలో పెద్ద కొలనే కట్టింది. విమానాలు పియానో తీగలకి వేలాడేవి. తీగ మెరవకుండా వెనక తెర రంగే దానికీ పూయాలి. త్సుబురాయ ఒక్కోసారి విమానాన్ని బోర్లా వేలాడదీసి, కెమెరానీ తలకిందులు చేశాడు. తెర మీద విమానం సరిగ్గానే ఉంటుంది, తీగలు మాత్రం కింది వైపుంటాయి. చూసేవాడి కన్ను తీగ కోసం పైకే వెతుకుతుంది, కిందికి పోదు. పైసా ఖర్చు లేని ఉపాయం. ఆయన్ని దుబారా మనిషిగా లెక్కకట్టేవాళ్లు ఇలాంటివి మర్చిపోతారు.

ఆ రోజుల్లో మనకీ ఈ విద్య తెలుసు. 1957 నాటి 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్‌లీ కెమెరా పనితనం గురించి తెలుగువాడికి కొత్తగా చెప్పేదేముంది? ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే నడిచిపోవడం ఈ జాతి పనే. తేడా ఎక్కడంటే, మన దగ్గర అది ఒక్కో నిపుణుడి చేతిలో ఉండిపోయింది. త్సుబురాయ దాన్ని ఒక సంస్థ చేశాడు. 1963 ఏప్రిల్‌లో పెట్టిన కంపెనీ అదే.

పెట్టీ పెట్టగానే చేసిన మొదటి పెద్ద పని అప్పుకి తలొగ్గడం. ఫిల్ములో రెండు మూడు దృశ్యాల్ని ఒకటిగా కలిపే ఆక్స్‌బెరీ 1200 ఆప్టికల్ ప్రింటర్‌ని అమెరికాలో ఆర్డరిచ్చాడు. ధర 4 కోట్ల యెన్‌లు. ఫుజీ టీవీకి తీయాల్సిన సీరియల్‌ని నమ్ముకుని ఇచ్చిన ఆర్డరు అది. ఆ సీరియల్ ఆగిపోయింది. వెనక్కి తీసుకోమంటే అమ్మినవాళ్లు కుదరదన్నారు. పెద్ద కొడుకు హజిమే అప్పటికే టీబీఎస్ చానల్లో దర్శకుడు. ఆ దారిన టీబీఎస్ యంత్రాన్ని కొనుక్కుంది, దానికి పని చూపించడానికి సీరియల్ కూడా ఇచ్చింది. అదే 1966 జనవరి 2న మొదలైన 'అల్ట్రా క్యూ'. ఎపిసోడ్లన్నీ దాదాపు ప్రసారానికి ముందే తీసి పెట్టుకున్నారు, అదీ సినిమాలకి వాడే 35 మి.మీ. మీద. జపాన్ టీవీలో అలా చేయడం అప్పట్లో అరుదు.

అదే ఏడాది జూలై 17న 'అల్ట్రామన్' మొదలైంది. ఈసారి అంత తీరిక లేదు, చిత్రీకరణ మార్చిలో మొదలైంది. వారానికొక ఎపిసోడ్ ఇవ్వాలి. ప్రతి ఎపిసోడ్‌కీ కొత్త రాక్షసుడు, కొత్త విధ్వంసం. సగటున 36 శాతం పైగా రేటింగులు, దేశం దేశమంతా ఆదివారం రాత్రి 7 గంటలకి టీవీ ముందు కూర్చుంటోంది. అయినా 39 ఎపిసోడ్లతో 1967 ఏప్రిల్ 9న ఆపేశారు. జనం చూడక కాదు, తీసి ఇవ్వలేక. రేటింగులు బాగున్నా సీరియల్ ఆపుకోవాల్సి రావడం టీవీ చరిత్రలో అరుదు.

ఆ ఒత్తిడిలో పుట్టిన పొదుపులు చూస్తే ముచ్చటేస్తుంది. తోహో 1965లో వాడిన బారగాన్ అనే రాక్షసుడి తొడుగు ఒక్కటే పాగోస్, నెరోంగా, మాగులార్, గాబోరా అని నాలుగు పేర్లతో నాలుగు అవతారాలెత్తింది. కొమ్ము మార్చడం, వీపు మార్చడం, మెడ చుట్టూ రేకులు అతికించడం, అంతే. గాడ్జిల్లా తొడుగుకి మెడ చుట్టూ పెద్ద విసనకర్ర లాంటి పొర తగిలించి జిరాస్ అన్నారు. కథలో అల్ట్రామన్ ఆ పొర పీకేస్తే కింద ఎవరున్నారో పిల్లలందరికీ తెలిసిపోతుంది!

అల్ట్రామన్ రూపం తోరు నరితది. ముఖాన్ని మలిచింది అకిరా ససాకి. ఒంటి తొడుగుకి ఈతగాళ్లు వేసుకునే వెట్‌సూట్ రబ్బరు వాడారు. మొదటి ముసుగు మెత్తటి లేటెక్స్‌తో చేశారు, నోరు కదిలించాలన్న ఆశతో. ఆశ నెరవేరలేదు, పైగా బుగ్గల దగ్గర ముడతలు పడ్డాయి. తర్వాతి ముసుగులు గట్టి ఫైబర్‌తో చేశారు. వీపు మీది జిప్పుని దాచడానికే అక్కడ చేప రెక్క లాంటి పట్టీ పెట్టారు. వెండి రంగు కీళ్ల దగ్గర పొరలు పొరలుగా లేచేది, మాటిమాటికీ పూయాలి. లోపలున్న బిన్ ఫురుయా సన్నగా పొడుగ్గా ఉండటం వల్లే ఆ గీతలకి అందమొచ్చింది. ఛాతీ మీద నీలం నుంచి ఎరుపుకి మారి మిణుకుమనే లైటు మాత్రం నరితకి ససేమిరా నచ్చలేదు. అల్ట్రామన్ భూమి మీద మూడు నిమిషాలే నిలవగలడు, ఆ లైటు దానికి హెచ్చరిక. ఆ గడువు కథకి ఉత్కంఠ ఇచ్చింది నిజమే. పోరాటం మూడు నిమిషాలు దాటకపోతే నిర్మాతకీ ఊపిరాడుతుంది కదా. 2022లో వచ్చిన 'షిన్ అల్ట్రామన్' నరిత కోరుకున్నట్టే ఆ లైటునీ వీపు మీది రెక్కనీ తీసేసింది. కంప్యూటర్ బొమ్మకి జిప్పుతో పని లేదు.

అల్ట్రామన్ చేతులు అడ్డం నిలువు పెట్టి వదిలే కిరణం ఫ్రేము ఫ్రేముకీ చేత్తో గీసిందే. మూడు సెకన్ల కిరణమంటే 72 బొమ్మలు. వాటిని ఆప్టికల్ ప్రింటర్‌లో కలిపిన ప్రతిసారీ ఫిల్ము ఒక తరం పాతబడుతుంది, నలుసులు పెరుగుతాయి, నలుపు మరింత నల్లబడుతుంది. కింద పరుగెత్తే జనం, పైన రాక్షసుడు ఉన్న షాట్‌లో రెండు సగాలూ తీసేటప్పుడు కెమెరా రవ్వంత అదిరినా అతుకు గీత వణుకుతూ కనిపిస్తుంది.

1967 అక్టోబర్‌లో వచ్చిన 'అల్ట్రాసెవెన్' కథల పరంగా ఇంకా మంచిదని మా అభిప్రాయం. ఒకినావాకి చెందిన తెత్సుఓ కింజో నడిపిన రచయితల బృందం ప్రభావం అందులో బాగా కనిపిస్తుంది. ఎవరు దురాక్రమణదారు, ఎవరు బాధితుడు అన్న సందేహం పిల్లల కార్యక్రమంలోకి తెచ్చినవాళ్లు వాళ్లు. అయితే అది ముగిసే 1968 నాటికే రాక్షసుల మోజు తగ్గింది, అప్పులు పెరిగాయి, సిబ్బందిని తగ్గించుకున్నారు. 1970 జనవరి 25న ఎయిజి పోయాడు. కొడుకు హజిమే 1971లో అల్ట్రామన్‌ని మళ్లీ తెచ్చి కంపెనీని నిలబెట్టాడు, 1973లో ఆయనా పోయాడు. తమ్ముడు నొబోరు పగ్గాలు పట్టాడు. అదే ఏడాది చమురు సంక్షోభం వచ్చి అన్నిటి ధరలూ పెరిగాయి.

హనుమంతుడి సినిమా ఈ కాలంలోదే. 1995లో నొబోరు చనిపోయాక చైయో అధినేత సొంపోట్ ఒక ఒప్పందం బయటపెట్టాడు. 1976లో నొబోరు సంతకం చేశాడనీ, అప్పటిదాకా వచ్చిన అల్ట్రా సీరియల్స్‌లో చాలావాటికి జపాన్ బయట హక్కులన్నీ తనవేననీ దాని సారాంశం. కాగితంలో కంపెనీ పేరూ సీరియల్స్ పేర్లూ కూడా సరిగా లేవు. ఇంత పెద్ద ఆస్తిని రాసిచ్చేవాడు తన కంపెనీ పేరు తప్పు రాస్తాడా అన్నది త్సుబురాయ వాళ్ల వాదన. కానీ కాదని రుజువు చేయాల్సిన మనిషే లేడు. జపాన్ సుప్రీంకోర్టు 2004లో ఒప్పందం చెల్లుతుందంది. థాయ్ సుప్రీంకోర్టు 2008లో అది ఫోర్జరీ అంది. చైనా సుప్రీంకోర్టు 2013లో మళ్లీ చెల్లుతుందంది. లాస్ ఏంజెలెస్ ఫెడరల్ కోర్టులో 2017లో జ్యూరీ అసలుది కాదని తేల్చింది, 2019లో అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది. ఒకే కాగితం, నాలుగు దేశాలు, రెండు రకాల తీర్పులు.

దాని ఫలితం తీర్పుల్లో కన్నా పిల్లల జ్ఞాపకాల్లో బాగా కనిపిస్తుంది. వివాదం 1976కి ముందు వాటి మీదే కాబట్టి, తర్వాతి సీరియల్స్‌ని విదేశాల్లో అమ్ముకోవడానికి అడ్డు లేదు. అందుకే చైనాలో ఒక తరానికి అల్ట్రామన్ అంటే 1996 నాటి 'అల్ట్రామన్ టీగా'. అమెరికాలో పెరిగిన మన పిల్లలకైతే 1966 నాటి అసలు రూపం ఏళ్ల తరబడి సరిగా అందనే లేదు. జపాన్ యానిమేషన్ ప్రపంచాన్ని చుట్టేసిన ఆ ఇరవై ఏళ్లలో ఈ స్టూడియో తన అతి విలువైన పాత్రని పెరట్లో కట్టేసుకోవాల్సి వచ్చింది. ఎన్ని ప్లాస్టర్ మేడలు కూల్చితే ఆ నష్టానికి సమానమవుతుంది?

ఈలోగా ఇంటి లెక్కలూ చెడ్డాయి. టీగా నుంచి మొదలైన కొత్త సీరియల్స్‌కి ఖర్చెక్కువ, కుటుంబంలో తగాదాలెక్కువ. 2007లో టీవైఓ అనే ప్రకటనల నిర్మాణ సంస్థ కంపెనీని చేజిక్కించుకుంది, 2008లో కినుతాలోని పాత ఆఫీసు ఖాళీ చేశారు. 2010లో పచింకో జూద యంత్రాల వ్యాపారంలో ఉన్న ఫీల్డ్స్ 51 శాతం తీసుకుంది, మిగతాది బొమ్మలు చేసే బందాయ్‌ది. కుటుంబం కథ అక్కడితో సరి.

కొత్త యజమానులు లెక్కలు చక్కదిద్దారు, ఒప్పుకోవాలి. ఎలా చక్కదిద్దారో తెర మీదే కనిపిస్తుంది. 2007 చివర మొదలైన 13 ఎపిసోడ్ల సీరియల్ కథ మనుషుల్లేని రాతి గ్రహం మీద జరుగుతుంది. ఊరు లేకపోతే ఊరు కట్టక్కర్లేదు. 2013 నాటి 'అల్ట్రామన్ గింగా' కొండల్లోని ఊళ్లో, మూతపడ్డ బడి చుట్టూ తిరుగుతుంది. పాత రాక్షసులు చేతిలో పట్టే బొమ్మలైపోయి కథలోనే దర్శనమిస్తారు, దుకాణంలోనూ దొరుకుతారు. అప్పటి నుంచి ఏటా ఒక సీరియల్ వస్తోంది. మధ్యమధ్యలో ఊళ్లు కూడా మళ్లీ లేచాయి, కొన్ని ఎపిసోడ్లలో పనితనం అద్భుతంగా ఉంది. కానీ డబ్బొచ్చేది లైసెన్సుల నుంచి, అందులో పెద్ద వాటా చైనా బజారు నుంచి. అక్కడి బడిపిల్లలు అల్ట్రామన్ కార్డులు మార్చుకుంటారు.

మా ఫిర్యాదు ఇక్కడే. హక్కుల కాగితాన్ని కాపాడుకోవడం నేర్చుకున్న కంపెనీ, ఆ హక్కులకి విలువ తెచ్చిన చేతిపనిని కాపాడటంలో ముందుండాల్సింది. ఆ చొరవ ఎక్కువగా దర్శకుడు హిదెయాకి అన్నో లాంటి బయటివాళ్ల నుంచి వచ్చింది. 2012లో టోక్యోలో పాత నమూనాలతో ప్రదర్శన పెట్టారు, 2017లో అన్నో అధ్యక్షుడిగా ఒక లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది, 2020 నవంబర్ 3న సుకగావా నగరం టోకుసాత్సు (జపాన్ భాషలో స్పెషల్ ఎఫెక్ట్స్) ఆర్కైవ్ సెంటర్ తెరిచింది. రబ్బరు తొడుగులు ఏళ్లు గడిస్తే పెళుసెక్కి పొడిగా రాలిపోతాయి, లేటెక్స్ నైజం అది. చెక్క, లోహం, ఫైబర్ నమూనాలే మిగులుతాయి. మిగిలినవాటినైనా ఎలా చేశారో చెప్పగల పనివాళ్ల వయసు ఇప్పుడు ఎనభై దాటుతోంది. కార్డుల మీద వచ్చే డబ్బులో కొంత, ఏడాదికి ఒక్క పూర్తి స్థాయి నగరం సెట్టు కట్టడానికీ, కుర్రాళ్లకి ప్లాస్టర్ పోయడం నేర్పడానికీ కేటాయించమని అడగడం అత్యాశ కాదు.

2024లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'అల్ట్రామన్: రైజింగ్' మన ఇళ్లలో చాలామంది పిల్లలకి మొదటి పరిచయం. అమెరికాలోని ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ యానిమేట్ చేసిన సినిమా, బాగుంది కూడా. అక్కడితో ఆపకండి. 1966 సీరియల్‌ని వరసగా చూపిస్తే మొదటి మూడు వారాల్లో పిల్లలు విసుక్కోవచ్చు. నేరుగా 23వ ఎపిసోడ్ పెట్టండి. నీళ్లు లేని గ్రహం మీద సొంత దేశం వదిలేస్తే రాక్షసుడిగా మారి తిరిగొచ్చిన వ్యోమగామి జమీలా కథ, దర్శకుడు అకిఓ జిస్సోజి. తర్వాత జిరాస్ వచ్చే 10వది. 'అల్ట్రాసెవెన్'లో 12వ ఎపిసోడ్ కోసం వెతక్కండి. అణుబాంబు బాధితుల్ని కించపరిచేలా ఒక పత్రిక అందులోని గ్రహాంతరవాసికి పెట్టిన పేరు మీద 1970లో నిరసనలు వచ్చాక స్టూడియో దాన్ని ఉపసంహరించుకుంది, ఏ డిస్కులోనూ లేదు.

జపాన్‌లో ఉన్న మనవాళ్లు, సెలవులకి వెళ్లేవాళ్లు సుకగావాకి ఒక రోజు కేటాయించుకోవచ్చు. టోక్యో నుంచి తోహోకు షింకన్‌సెన్‌లో కోరియమా దిగి, మామూలు రైల్లో పావుగంట లోపే. స్టేషన్ నుంచి ఊళ్లోకి నడిచే దారి పొడుగునా అల్ట్రా పాత్రల విగ్రహాలుంటాయి, 2019లో తెరిచిన ఎయిజి త్సుబురాయ మ్యూజియం ఊళ్లోనే ఉంది. ఆర్కైవ్ సెంటర్ మాత్రం ఊరికి దూరంగా ఉంటుంది, కారు లేకపోతే టాక్సీ మాట్లాడుకోండి. చిన్నపిల్లలుంటే ముందు దానికే వెళ్లండి. సాయంత్రానికి వాళ్ల ఓపిక విగ్రహాలకైతే సరిపోతుంది, అరల్లోని మేడల నమూనాలకి సరిపోదు.